సముద్ర భృగువుల పతనం: హోల్‌బెక్ హాల్ ఉదంతం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
తీరంలో భృగువు కూలినప్పుడు నింద సాధారణంగా అలలపైనే పడుతుంది. అలలు భృగువు పాదాన్ని కోస్తాయన్నది నిజమే. అయితే నేలలోకి ఇంకిన వాననీరు చేసే పని కంటికి కనిపించదు. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని స్కార్‌బరో పట్టణంలో 1993లో జరిగిన ఉదంతం ఆధారంగా ఈ రెండింటి పాత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదంతం:
1993 జూన్ 3 రాత్రి నుండి 5వ తేదీ వరకు దాదాపు 60 మీటర్ల ఎత్తున్న భృగువు దశలవారీగా జారిపోయింది. సుమారు పది లక్షల టన్నుల మట్టి కదిలి, తీరాన్ని దాటి సముద్రంలోకి అర్ధచంద్రాకారపు దిబ్బగా చొచ్చుకుపోయింది. భృగువు పైనున్న హోల్‌బెక్ హాల్ హోటల్ తోట ముందుగా కూలింది. ఆపై భవనంలో కొంత భాగం నేలమట్టమైంది. అతిథులను ముందే ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం తప్పింది.

పతన క్రమం:
ఆ భృగువు ప్రధానంగా హిమానీనదాలు వదిలి వెళ్లిన బంకమట్టి, ఇసుక, రాళ్ల మిశ్రమం. అంతకు ముందు రెండు నెలల్లో సుమారు 140 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. మట్టి రేణువుల నడుమ చేరిన నీటి పీడనం పెరిగేకొద్దీ ఆ రేణువులు ఒకదానినొకటి ఒత్తుకునే బలం, దానితోపాటే జారుడును నిరోధించే ఘర్షణ తగ్గుతాయి. వాలు బరువు ఆ నిరోధాన్ని మించగానే లోపల గరిటె ఆకారపు వక్రతలం వెంట మట్టి వెనుకకు ఒరుగుతూ కిందికి దిగింది. నీటితో మెత్తబడిన దిగువ భాగం బురద ప్రవాహంగా మారింది. ఇటువంటి చోట్ల జారిన మట్టి కొంతకాలం పాదానికి ఆసరాగా నిలుస్తుంది. అలలు దానిని తొలగించాక వాలు మళ్లీ నిటారై తదుపరి పతనానికి సిద్ధమవుతుంది.

బాధ్యత:
హోటల్ యాజమాన్యం స్థానిక మండలిపై వేసిన దావాలో 2000లో అప్పీలు న్యాయస్థానం మండలిని బాధ్యురాలిగా నిర్ణయించలేదు. లోతైన భూగర్భ పరిశోధన లేకుండా అంతటి పతనాన్ని ఊహించడం సాధ్యం కాదన్నది అందుకు ఒక ముఖ్య కారణం.

ముగింపు:
సముద్రపు గోడ పాదాన్ని కాపాడగలదేగాని వాలు లోపలి నీటి పీడనాన్ని తగ్గించలేదు. కనుక తీర రక్షణలో అలల కొలతలతోపాటు భూగర్భ జలమట్టం పరిశీలన, నీటి పారుదల ఏర్పాటు, భృగువు అంచునుండి నిర్మాణాల దూరం సమాన ప్రాధాన్యం పొందాలి.