కరెంటు మోయాలా, చలి మోయాలా

మే నెలలో జగిత్యాల ఎండ 45 డిగ్రీలు దాటడం ఇప్పుడు వార్త కూడా కాదు. అలాంటి రోజున కారు చార్జింగ్ సాకెట్‌కు తగిలించే చిన్న ఫ్రిజ్ ఒకటి డిక్కీలో పెట్టుకుని బయల్దేరితే, సాయంత్రానికి అందులోని నీళ్ళ సీసా ఎంత చల్లబడుతుంది? మహా అయితే 25 డిగ్రీలకు. ఆ మాత్రానికి మట్టికుండ చాలు, దానికి బ్యాటరీ అక్కర్లేదు. పెట్టె పాడైందని షాపువాడితో గొడవపడి లాభం లేదు. ఆ రకం పెట్టె తన చుట్టూ ఉన్న గాలికన్నా సుమారు ఇరవై డిగ్రీలు దించగలదు. బయట 45 ఉంటే లోపల 25. దాని శక్తి అక్కడితో సరి.

దాని గుండెకాయ అగ్గిపెట్టె కన్నా చిన్న బిళ్ళ. రెండు వేర్వేరు లోహాలు కలిసే చోట కరెంటు పారిస్తే ఒక అతుకు చల్లబడి, రెండోది వేడెక్కుతుందని 1834లో ఫ్రాన్స్‌కు చెందిన జ్యాఁ పెల్తియే గమనించాడు. నూట ఇరవై ఏళ్ళ దాకా దాంతో పెద్దగా పని జరగలేదు. 1954లో గోల్డ్‌స్మిడ్, డగ్లస్ అనే ఇద్దరు బిస్మత్ టెల్యురైడ్ అనే పదార్థంతో సున్నా డిగ్రీల దాకా దించి చూపాక ఈ బిళ్ళలు బజారుకొచ్చాయి. మన దేశంలో గోద్రెజ్ కంపెనీ 'ఛోటూకూల్' పేరుతో దీన్నే పల్లెలకు తేవాలని చూసింది. 43 లీటర్లు, 7.8 కిలోలు, 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. తలుపు తీసినప్పుడు చల్లగాలి జారిపోకుండా మూత పైన పెట్టారు. అప్పట్లో ధర 3,250 రూపాయలు. పల్లెలు అనుకున్నంతగా కొనలేదు. తర్వాత అదే పెట్టె పట్నంవాళ్ళ కార్లలోకీ పిక్నిక్‌లలోకీ చేరింది. కరెంటు లేని ఇంటి కోసం పుట్టి, కరెంటున్న వాళ్ళ సరదాకు పోయిందన్నమాట.

పెల్తియే బిళ్ళతో అసలు చిక్కు తిండి. రోజంతా ఆగకుండా 50 వాట్లు లాగితే ఇరవైనాలుగు గంటలకు 1,200 వాట్-అవర్లు, అంటే యూనిట్ దాటి ఖర్చు. ఇంట్లో ఒక యూనిట్ లెక్కలోది కాదు గానీ, బ్యాటరీలో మోసుకెళ్ళాలంటే అది చాలా బరువు.

మంటతో చల్లబరిచే ఫ్రిజ్ దీనికి ముందే వచ్చింది. 1922లో స్టాక్‌హోమ్‌లో బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు కుర్ర ఇంజనీరింగ్ విద్యార్థులు అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్ నింపిన గొట్టాల కింద చిన్న మంట పెట్టి పైన చలి పుట్టించారు. కదిలే భాగం ఒక్కటీ లేదు, చప్పుడు లేదు. 1925లో ఎలక్ట్రోలక్స్ ఆ హక్కులు కొనుక్కుంది. ఐన్‌స్టీన్ కూడా ఇదే దారిలో ఆలోచించి, లియో సిలార్డ్‌తో కలిసి మోటారు లేని ఫ్రిజ్‌కు 1930లో అమెరికా పేటెంటు తీసుకున్నాడు. అది బజారు ముఖం చూడలేదు. స్వీడన్ ఫ్రిజ్ మాత్రం కరెంటు చేరని దేశాల ఆసుపత్రులకు వెళ్ళింది. కిరసనాయిలు వత్తితో టీకాలను కాపాడింది. వత్తి మసిబారితే వేడెక్కేది, పెద్దది చేస్తే గడ్డకట్టించేది, నేల ఏటవాలుగా ఉంటే మొరాయించేది. దాన్ని కనిపెట్టుకుని ఒక మనిషి ఉండాల్సిందే.

ఇక కంప్రెసర్. ఇంటి ఫ్రిజ్‌లో వాయువును నొక్కి, వేడిని వెనక జాలీలోంచి వదిలించి, మళ్ళీ వదులుచేసి చల్లబరిచే ఆ నల్ల ఉక్కు కుండను అందరం చూశాం. దాన్ని బ్యాటరీ మీద నడపడానికి ఎందుకంత కాలం పట్టింది? కారణం కార్బన్లు. బ్యాటరీ కరెంటుతో నేరుగా తిరిగే పాత మోటార్లకు కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. మిక్సీ ఆగిపోతే రిపేరు షాపులో మార్చేవి అవే. అవి అరుగుతాయి, నిప్పురవ్వలు చిమ్ముతాయి, పొడి రాలుస్తాయి. కంప్రెసర్ కుండకేమో చుట్టూ వెల్డింగ్, లోపల నూనె, గ్యాసు. కార్బన్ మార్చాలంటే కుండ కోయాలి. జపాన్‌లో సవాఫుజీ కంపెనీ 1960ల్లో దీన్ని వేరే తీరున దాటింది. తిరిగే మోటారే మానేసి, అయస్కాంతంతో ముందుకూ వెనక్కూ ఊగే పిస్టన్ పెట్టింది. ఎంగెల్ పేరుతో ఆ పెట్టెలు ఆస్ట్రేలియా ఎడారుల దాకా పోయాయి. డెన్మార్క్‌కు చెందిన డాన్‌ఫాస్ దారి వేరు. మోటారు తీగచుట్టలకు కరెంటును వంతులవారీగా అందించే పనిని ట్రాన్సిస్టర్లకు అప్పజెప్పింది. అయస్కాంతం ఆ వంతుల వెంట తిరుగుతుంది, బ్రష్‌లు అక్కర్లేదు. ఈమధ్య మన ఇళ్ళలోకి వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు నడిచేదీ ఇలాగే. ఆ కంపెనీ బీడీ35 కంప్రెసర్ నిమిషానికి 2,000 నుంచి 3,500 చుట్ల మధ్య అవసరాన్నిబట్టి తిరుగుతుంది. 2010లో ఆ విభాగం చేతులు మారి 'సికాప్' అయింది. నాణ్యమైన క్యాంపింగ్ ఫ్రిజ్ మూత కింద ఈ కంప్రెసరో, దాన్ని చూసి చేసిన మరొకటో ఉంటుంది.

మనవాళ్ళు కరెంటు లేనిచోట గుడారాలు వేసుకునే సందర్భం ఏదంటే నాకు ముందు గుర్తొచ్చేది మేడారం. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి సమ్మక్క సారలమ్మ జాతరకు సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి ట్రాక్టర్లు, డీసీఎంలు కట్టుకుని పోతారు. చెట్ల కింద పరదాలు కట్టి రెండుమూడు రాత్రులు ఉంటారు. దారి వెంట లైట్లుంటాయి గానీ, మన పరదా కింద ప్లగ్ పాయింట్ ఉండదు. పసిపిల్లల పాలు, మిగిలిన మాంసం, ఇంట్లో పెద్దాయన ఇన్సులిన్ చల్లగా ఉండాలి. దానికెంత కరెంటు కావాలో లెక్క వేసి చూద్దాం.

నలభై లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ తిరిగేటప్పుడు 45, 50 వాట్లు తీసుకుంటుంది. బాగా ఎండలో రోజులో సుమారు నలభై శాతం సేపు తిరుగుతుందనుకుంటే 450 వాట్-అవర్లు. కారులోని 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో పేరుకు 540 ఉంటాయి. కానీ అది స్టార్టింగ్ కోసం చేసిన బ్యాటరీ. సగం దాకా పీల్చేస్తే తెల్లారి బండిని నెట్టాలి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ అయితే 1,800 ఉంటాయి, బరువు యాభై కిలోలకు పైనే. ట్రాక్టర్ ట్రాలీకి అదో లెక్క కాదు, ఎత్తి దించే నడుముకే లెక్క. వంద వాట్ల సోలార్ ప్లేట్ మాఘమాసపు తేట ఎండలో రోజుకు 400 దాకా ఇస్తుంది. తగువు ఎక్కడంటే, ప్లేటుకు ఎండ కావాలి, ఫ్రిజ్‌కు నీడ కావాలి. చెట్టు కొమ్మ నీడ ప్లేటులో ఓ మూల పడ్డా రాబడి బాగా పడిపోతుంది.

దాంతో జనం ప్లేటును, బ్యాటరీని ఎండలో పెట్టి, చేతికందిన సన్న వైరు లాగి ఫ్రిజ్‌ను చెట్టు కిందికి చేరుస్తారు. కాసేపటికి ఎర్రలైటు వెలిగి ఫ్రిజ్ ఆగిపోతుంది. బ్యాటరీ చూస్తే నిండుగానే ఉంటుంది. 230 వోల్టుల దగ్గర ఒక వోల్టు వైరులో పోతే ఎవరికీ పట్టదు. 12 వోల్టుల దగ్గర అది పన్నెండో వంతు. ఒక చదరపు మిల్లీమీటర్ వైరు అయిదు మీటర్లు లాగితే, అయిదు ఆంపియర్లకు దాదాపు ఒక వోల్టు దారిలోనే కరిగిపోతుంది. అవతల ఫ్రిజ్‌లోని కాపలా సర్క్యూట్ బ్యాటరీ అడుగంటిందనుకుని కంప్రెసర్‌ను ఆపేస్తుంది. వైరు నాలుగు చదరపు మిల్లీమీటర్లది వేస్తే రోగం కుదురుతుంది. ఫ్రిజ్‌కు వేలు పోసినవాళ్ళు వైరు దగ్గర వందలు మిగుల్చుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇంతకూ కరెంటునే మోయాలని ఎవరన్నారు? సిరిసిల్ల వైపు చూద్దాం. దేశంలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలను ప్రయోగంగా అయిదు చోట్ల పెట్టినప్పుడు వాటిలో ఒకటి సిరిసిల్లకు వచ్చింది. 1970లో మొదలైన ఆ సంఘాన్ని అందరూ 'సెస్' అంటారు. వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని ఓట్లతో ఎన్నుకుంటారు. మరమగ్గాలకూ మోటార్లకూ ఇళ్ళకూ కరెంటు ఇచ్చేది నేటికీ అదే. తీగలు చేరినంత మాత్రాన కరెంటు రోజంతా ఉండేది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో కోతల కాలం చూసినవాళ్ళకు వేరే చెప్పాలా? అలాంటి ఊళ్ళలోనే పీహెచ్‌సీ టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండి తీరాలి.

ఉండేది. ఎందుకంటే అది మామూలు ఫ్రిజ్ కాదు, ఐఎల్ఆర్ (ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్). గోడల చుట్టూ నీటి గొట్టాలో ఐస్ ప్యాకులో పేర్చిన పెట్టె. కరెంటు ఉన్నప్పుడు ఆ నీరు గడ్డకడుతుంది, పోయాక మెల్లగా కరుగుతూ టీకాలను కాస్తుంది. రోజులో ఎనిమిది గంటలు వరసగా కరెంటుంటే తక్కిన పదహారు గంటలు నెట్టుకొస్తుంది. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజూళ్ళ వేడి కావాలి, అంటే దాదాపు 93 వాట్-అవర్లు. చిన్న కంప్రెసర్ అంత వేడిని తోడాలంటే 70 వాట్-అవర్ల దాకా కరెంటు ఖర్చవుతుంది. అదే ఒక కిలో సీసం బ్యాటరీలో నిండా దాచినా 30, 40 మించవు, వాడుకోదగ్గవి అందులో సగమే. లిథియం బ్యాటరీ బరువులో మంచును దాటగలదు గానీ ధరలో ఎన్నటికీ దాటలేదు. 2001లో మొదలైన 'సోలార్‌చిల్' ప్రాజెక్టు ఈ లెక్కను చివరిదాకా లాగింది. అందులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, గ్రీన్‌పీస్, డెన్మార్క్ సాంకేతిక సంస్థ ఉన్నాయి. సోలార్ ప్లేటును నేరుగా కంప్రెసర్‌కు కలిపి, పగటి ఎండను మంచుగా మార్చి రాత్రికి దాచారు. బ్యాటరీయే లేదు. ఊళ్ళలో అంతకుముందు సోలార్ ఫ్రిజ్‌లు మూలపడడానికి పెద్ద కారణం బ్యాటరీలే మరి.

గుడారానికీ ఈ ఉపాయమే. బయల్దేరే ముందురోజు ఇంటి కరెంటుతో పది లీటర్ల నీళ్ళ సీసాలు గడ్డకట్టించి, ఫ్రిజ్‌ను ఇంట్లోనే చల్లబరిచి, లోపలి సామానూ చల్లగానే సర్దితే, మొదటి రోజంతా కంప్రెసర్‌కు పెద్దగా పనుండదు. నలభై లీటర్లలో పావు వంతు చోటు పోతుంది నిజమే. బ్యాటరీ సైజు మాత్రం సగానికి దిగుతుంది. జాగ్రత్త ఒకటుంది. ఇన్సులిన్ గడ్డకడితే మళ్ళీ కరిగినా పనికిరాదు. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన మంచు సున్నాకన్నా బాగా కింద ఉంటుంది. టీకాల డబ్బా సర్దే ఏఎన్ఎంలు అందుకే ఐస్ ప్యాకులను కాసేపు బయటపెట్టి, చెవి దగ్గర ఊపి, లోపల నీటి చప్పుడు వినిపించాకే లోపల పెడతారు.

మోటారూ బ్యాటరీ లేని చలిపెట్టెలు కోరుట్లలోనూ ఉన్నాయి. అక్కడి పశువైద్య కళాశాల పిల్లలు నేర్చుకునే పనుల్లో కృత్రిమ గర్భధారణ ఒకటి. దానికి వాడే వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంటుంది. రెండు గోడల మధ్య గాలి తీసేసిన అల్యూమినియం క్యాన్‌ను బండికి కట్టుకుని ఆ పని చేసేవాళ్ళు ఊరూరా తిరుగుతారు. నత్రజని కొద్దికొద్దిగా ఆవిరవుతూ లోపలికి చొరబడ్డ వేడిని తనతో పట్టుకుపోతుంది. వారాల తరబడి అలాగే ఉంటుంది. మట్టం ఎంత తగ్గిందో పుల్ల ముంచి చూసుకోవాలి, తగ్గితే పోయాలి.