మీకు తెలుసా? లదాఖ్ చలిలో కూరగాయల సాగు

లేహ్ పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఏడాదంతా కలిపి కురిసే వాన 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఆరుబయట పంట పండేది సుమారుగా మే నుంచి సెప్టెంబరు దాకానే.

• మంచు మీద మట్టి: లదాఖ్‌లోని జన్‌స్కార్ ప్రాంత రైతులు వసంతకాలంలో పొలాల్లో పేరుకున్న మంచుపై మట్టి చల్లుతారు. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది, ముదురు రంగు మట్టి పీల్చుకుంటుంది. దాంతో మంచు త్వరగా కరిగి, విత్తనాలు ముందే వేసుకోవచ్చు.

• గడ్డకట్టే చలిలో పాలకూర: దక్షిణం వైపు పాలిథిన్ షీటు, మిగతా మూడు వైపులా మట్టి ఇటుకల జంట గోడలు, ఆ గోడల మధ్య గడ్డి. ఇదే అక్కడి సౌర హరితగృహం. గోడలు పగటి వేడిని దాచుకుని రాత్రికి వదులుతాయి. హీటరు లేకుండానే పాలకూర, కొత్తిమీర చేతికొస్తాయి.

• నేలలోనే గిడ్డంగి: బంగాళాదుంపలు, ముల్లంగి, క్యారట్లను గోతుల్లో కప్పెట్టి చలికాలమంతా వాడుకుంటారు. లోతున నేల గడ్డకట్టదు.

• మంచు స్తూపం: ఏప్రిల్, మే నెలల్లో విత్తనాలు వేసినా, హిమానీనదాల నీళ్లు అప్పటికింకా సరిగా దిగవు. అందుకే లదాఖ్ ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ 2013–14లో మంచు స్తూపాలకు శ్రీకారం చుట్టారు. పైనున్న వాగు నీటిని పైపుతో కిందికి తెచ్చి, చలికాలపు రాత్రుల్లో పైకి చిమ్మిస్తే శంకువులా గడ్డకడుతుంది. ఎండ తగిలే ఉపరితలం తక్కువ కాబట్టి నిదానంగా కరుగుతూ మొక్కలకు తడి అందిస్తుంది.

• నీళ్ల వంతులు: మన ఊళ్లలో నీరటి లాగే అక్కడా ఒక మనిషి ఉంటాడు. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆయనే చూస్తాడు. ఆయన్ని చుర్పోన్ అంటారు.