సొంత చాట్ సర్వర్‌లో మీ బాట్ పలకట్లేదా? ముందు ఇవి చూడండి

ఈ రోజు సొంత మెసేజింగ్ సర్వర్ మీద చాట్ బాట్ పెట్టడం గురించి మాట్లాడుకుందాం. పెట్టడం పెద్ద పని కాదు. పెట్టాక ఒక రోజు అది ఉన్నట్టుండి మూగబోతుంది చూడండి, అసలు తలనొప్పి అక్కడే. అందుకే ఎక్కువ టైమ్ దాని మీదే పెడదాం.

ముందు, సొంత సర్వర్ ఎందుకు? మేడ్చల్, కండ్లకోయ, శామీర్‌పేట వైపు చూడండి. ఇంజనీరింగ్ కాలేజీలు, శామీర్‌పేటలో నల్సార్, అటు జవహర్‌నగర్ దగ్గర బిట్స్ క్యాంపస్, చుట్టూ హాస్టళ్లు, పీజీలు, షేరింగ్ రూములు. ప్రతి బ్యాచ్‌కీ ఒక వాట్సాప్ గ్రూప్. గ్రూప్‌లో మూడొందల మంది ఉంటే మీ ఫోన్ నంబర్ మూడొందల మంది చేతిలో పడ్డట్టే. తెలియని నంబర్ నుంచి రాత్రి పదకొండింటికి "హాయ్" అని వస్తే ఎట్లుంటుందో అమ్మాయిలకి నేను చెప్పక్కర్లేదు. మేట్రిక్స్‌లో అయితే అకౌంట్‌కి ఫోన్ నంబర్ అక్కర్లేదు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చాలు.

మేట్రిక్స్ అంటే 2014లో మొదలైన ఓపెన్ ప్రోటోకాల్. సర్వర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు సినాప్స్, ఫోన్‌లో వేసుకునే యాప్ ఎలిమెంట్. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం చాప్ అనే యాప్‌ని దీని మీదే కట్టుకుంది. మన దేశంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కమ్యూనిటీ వాళ్లు పోడరీ డాట్ కామ్ పేరుతో మేట్రిక్స్ సర్వర్ నడిపారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థకి కాలేజీల్లో గ్లగ్ అనే స్టూడెంట్ గ్రూపులున్నాయి. మీ కాలేజీలో గ్లగ్ ఉంటే లినక్స్ పనికి తోడు దొరికినట్టే.

ఒక చిన్న బాట్ అనుకుందాం. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ వచ్చింది. ట్రైన్లు తక్కువ, ఒకటి మిస్సయితే మళ్లీ బస్సే దిక్కు. గ్రూప్‌లో ఎవరైనా "!రైలు" అని కొడితే, మీరు ఫైల్‌లో రాసి పెట్టిన టైమ్‌టేబుల్ చూసి తర్వాతి ట్రైన్ ఎన్నింటికో చెప్పాలి. పొద్దున ఏడింటికి ఒక రిమైండర్ వేయాలి. ఏఐ గీఐ ఏం లేదు. ట్రైన్ లేట్ అయితే దానికి తెలియదు, ఆ సంగతి గ్రూప్‌లో ముందే చెప్పేయండి.

సర్వర్ ఎక్కడ పెట్టాలి? రూమ్‌లో ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద పెడదాం అనుకుంటారు. కానీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి సీజీనాట్ ఉంటుంది. అంటే బయటి నుంచి మీ రూటర్ దాకా నేరుగా దారి ఉండదు. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం రాదు. అందుకే సర్వర్ వరకు నెల అద్దెకి ఒక చిన్న వీపీఎస్ తీసుకోండి, నలుగురు కలిసి పంచుకుంటే భారం కాదు. డొమైన్ పేరు మాత్రం బాగా ఆలోచించి పెట్టండి, సినాప్స్‌లో సర్వర్ నేమ్ ఒకసారి పెట్టాక మార్చలేరు.

బాట్‌కి ఈ గొడవ లేదు. అది తనే సర్వర్ దగ్గరికి వెళ్లి "కొత్తవి ఏమైనా వచ్చాయా" అని అడుగుతుంటుంది. బయటివాళ్లు దాని దగ్గరికి రావాల్సిన పని లేదు. కాబట్టి బాట్ మాత్రం ఆ పాత ల్యాప్‌టాప్ మీదే హాయిగా నడుస్తుంది. ఫోన్‌లో టెర్మక్స్ వేసి కూడా నడపొచ్చు, కానీ ఆండ్రాయిడ్ బ్యాటరీ సేవింగ్ పేరుతో మధ్యలో చంపేస్తుంది. నేర్చుకోవడానికి ఓకే, గ్రూప్ మొత్తం నమ్ముకునే బాట్‌కి వద్దు.

బాట్‌కి మీ అకౌంట్ ఇవ్వకండి. సర్వర్‌లో కొత్త యూజర్‌ని చేసే కమాండ్‌తో వేరే అకౌంట్ చేయండి. అడ్మిన్ చేయాలా అని అడుగుతుంది, నో అనండి. తర్వాత దాని యాక్సెస్ టోకెన్ తీసుకుని ప్రోగ్రామ్‌కి ఇస్తారు. పైథాన్ వస్తే మేట్రిక్స్ నియో లైబ్రరీ, రెడీమేడ్‌గా కావాలంటే మావ్‌బాట్.

ఇప్పుడు అసలు పని. బాట్ పలకట్లేదు. వెంటనే కోడ్ తెరిచి అటూ ఇటూ కెలకొద్దు. ముందు లాగ్ చూడండి. 401 అని, తెలియని టోకెన్ అని ఉందా? ఇది చాలా కామన్. బాట్ అకౌంట్‌తో ఎలిమెంట్‌లో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లోంచి టోకెన్ కాపీ చేసుకుని, పని అయిపోయిందని బుద్ధిగా లాగౌట్ కొడతారు. లాగౌట్ కొట్టగానే ఆ టోకెన్ చచ్చిపోతుంది. ప్రైవేట్ విండోలో లాగిన్ అయి, టోకెన్ తీసుకుని, లాగౌట్ కొట్టకుండా విండో మూసేయండి.

లాగ్‌లో ఎర్రర్ ఏమీ లేదు, అయినా ఉలుకూ పలుకూ లేదంటే, బాట్ అసలు రూమ్‌లో చేరిందా చూడండి. ఇన్వైట్ పంపితే సరిపోదు, అది ఒప్పుకోవాలి కదా. చేరింది, అయినా మూగే అంటే రూమ్ ఎన్‌క్రిప్షన్ మీద అనుమానం పెట్టుకోండి. ఎలిమెంట్‌లో ప్రైవేట్ రూమ్ చేస్తే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ మామూలుగా ఆన్ అయ్యే వస్తుంది. మామూలు బాట్‌కి అక్కడ మెసేజ్ అందుతుంది కానీ లోపల ఏముందో చదవలేదు. తాళం వేసిన డబ్బా చేతికి వచ్చినట్టు. పోనీ ఆఫ్ చేద్దామంటే, ఒకసారి ఆన్ అయిన రూమ్‌లో అది మళ్లీ ఆఫ్ అవ్వదు. రెండు దారులు. నియోలో ఎన్‌క్రిప్షన్ సపోర్ట్ పెట్టి, కీలు దాచే ఫోల్డర్‌నీ డివైస్ ఐడీనీ జాగ్రత్తగా అట్టే ఉంచుకోవడం ఒకటి. స్టార్ట్ చేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్‌తో కొత్తగా లాగిన్ అయితే ప్రతిసారీ కొత్త డివైస్ అవుతుంది, పాత మెసేజ్‌ల కీలు దానికి ఉండవు. రెండోది, ఎన్‌క్రిప్షన్ లేకుండా బాట్ కోసమే ఇంకో రూమ్. నా ఓటు దీనికే. ట్రైన్ టైమ్ రహస్యం కాదు కదా. ఎవరు ఏ హాస్టల్లో ఉంటారు, రాత్రి ఎన్నింటికి వస్తారు లాంటి మాటలు జరిగే రూమ్‌లో ఎన్‌క్రిప్షన్ ఉండాలి, బాట్ ఉండకూడదు.

ఇంకో రకం, మొదట టకటకా పలికి తర్వాత నత్తలా నడుస్తుంది. లాగ్‌లో 429 కనిపిస్తే అది రేట్ లిమిట్. సినాప్స్ డిఫాల్ట్ ప్రకారం ఒక యూజర్ ఒకేసారి 10 మెసేజ్‌లు పంపొచ్చు, ఆ తర్వాత సెకనుకి 0.2, అంటే 5 సెకన్లకి ఒకటే. అందరికీ లిమిట్ ఎత్తేయకండి, స్పామ్ చేసేవాడికి గేటు తీసినట్టే. అడ్మిన్ ఏపీఐతో బాట్ ఒక్కదానికే మినహాయింపు ఇవ్వొచ్చు. అంతకన్నా ముందు పది మెసేజ్‌లని ఒక్కటిగా కలిపి పంపండి.

దీనికి రివర్స్ కూడా ఉంది, బాట్ ఆగకుండా వాగుతుంది. రీస్టార్ట్ చేయగానే నిన్నటి "!రైలు"లన్నిటికీ జవాబులు కుమ్మరిస్తే, ఎక్కడిదాకా చదివిందో గుర్తుపెట్టుకునే సింక్ టోకెన్ సేవ్ అవ్వట్లేదని. రెండు బాట్‌లు ఒకదానికొకటి జవాబిచ్చుకుంటూ తెల్లారేదాకా నడిస్తే, అవి మామూలు టెక్స్ట్ పంపుతున్నాయి. బాట్ జవాబు నోటీస్ రకంగా వెళ్లాలి, నోటీస్‌కి ఏ బాటూ జవాబివ్వకూడదు. మేట్రిక్స్‌లో ఈ పద్ధతి ఉన్నదే అందుకు.

పొద్దున ఏడింటి రిమైండర్ మధ్యాహ్నం పన్నెండున్నరకి వచ్చిందా? నవ్వకండి, అది యూటీసీ. మనం ఐదున్నర గంటలు ముందున్నాం. మెషీన్ టైమ్ జోన్ ఏషియా స్లాష్ కోల్‌కతా పెట్టండి. డాకర్‌లో నడిపితే కంటైనర్‌కి విడిగా పెట్టాలి.

టోకెన్ గురించి ఒక్క మాట. అది ఎవరికి దొరికితే వాళ్లే మీ బాట్, అది ఉన్న ప్రతి రూమ్‌లో కూర్చుని చదవగలరు. కోడ్‌తో పాటు గిట్‌హబ్‌లో ఎక్కించేస్తుంటారు, అలా ఎక్కితే ఫైల్ డిలీట్ చేసినా పాత హిస్టరీలో ఉంటుంది. వెంటనే బాట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెషన్స్ లిస్ట్‌లో ఆ సెషన్‌ని తీసేసి, కొత్త టోకెన్ తీసుకోండి.