పాత ఇంటికి మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి? అపోహలు – వాస్తవాలు

రామచంద్రాపురంలో 1960ల్లో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగాయి. ఫ్యాక్టరీ జీతంలో నెలనెలా మిగిల్చి, ఒక్కో గది వేసుకుంటూ కట్టుకున్న ఇళ్లు ఈ చుట్టుపక్కల కాలనీల నిండా ఉన్నాయి. కట్టినవారిలో చాలామంది రిటైరయ్యారు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో గడిపిన కుటుంబాలు ఇప్పుడు ఆ ఇళ్లను కొంటున్నాయి.

ముందు వసారా, తాండూరు బండల నేల, పెరట్లో జామచెట్టు. చూడగానే మనసు పడుతుంది. పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టుకుంటాం. అప్పటికే బ్యాంకు అప్పు నెత్తిన ఉంటుంది. చేతిలో మిగిలిన కాస్త డబ్బు రంగులకు, టైల్సుకు, ఫాల్స్ సీలింగుకు అయిపోతుంది. పాత ఇంటి కష్టాలు మాత్రం కంటికి కనిపించని చోట ఉంటాయి: కాగితాల్లో, బోరు అడుగున, గోడ లోపలి తీగల్లో, పునాది కింది మట్టిలో. మొదటి రూపాయి అక్కడికి వెళ్లాలి. దాన్ని పక్కదారి పట్టించే ఏడు అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి పన్ను, కరెంటు బిల్లు నా పేరు మీదికి వచ్చాయి. ఇక ఇల్లు నాదే.

వాస్తవం: అమ్మినవారికి ఎంత హక్కు ఉందో అంతే మీకు వస్తుంది. సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసు లావాదేవీని నమోదు చేస్తుంది. అమ్మినవారి హక్కు సరైనదేనని హామీ ఇవ్వదు. పన్ను రశీదు పన్ను కట్టినట్టు, కరెంటు బిల్లు కరెంటు వాడినట్టు చెబుతాయి, అంతకుమించి వాటికి బలం లేదు. మధ్యలో ఎక్కడో నోటరీ కాగితం మీదో, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) మీదో చేతులు మారిన ఇల్లయితే ఇంకా జాగ్రత్తపడాలి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి చేసే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది.

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఇల్లు కదలకుండా అక్కడే ఉన్నా చిరునామా మారుతూ వచ్చింది. 1985లో మండలాలు రాకముందు రాసిన దస్తావేజుల్లో తాలూకా కనిపిస్తుంది, తర్వాతి వాటిలో మెదక్ జిల్లా, పటాన్‌చెరు మండలం. 2007లో పటాన్‌చెరు, రామచంద్రాపురం మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. అందుకే చిరునామా కలిసిందా లేదా అన్నదానితో ఆగకుండా, లింకు డాక్యుమెంట్లన్నీ వరుసగా పరిచి సర్వే నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూడాలి. ఆన్‌లైన్ ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) 1983 నుంచి మాత్రమే దొరుకుతుంది. అంతకు ముందరి చరిత్ర కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి.

కట్టిన పెద్దాయన కాలం చేశాక కొడుకులు అమ్ముతున్న ఇల్లయితే, ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా అని అడగండి. ‘పెళ్లిళ్లు చేసి పంపేశాం, వాళ్లకేం సంబంధం’ అనే మాట చట్టం ముందు నిలవదు. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కొడుకులతో పాటు కూతుళ్లకూ, భార్యకూ, తల్లి బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. లాయరుకిచ్చే ఫీజు, గోడలకు వేసే రంగు కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు.

అపోహ 2: బోరు నీళ్లు తేటగా ఉన్నాయి. మరగబెట్టి తాగితే చాలు.

వాస్తవం: మరగబెడితే క్రిములు చస్తాయి. నీటిలో కరిగిన లవణాలు, నైట్రేట్లు, లోహాలు అలాగే ఉండిపోతాయి. పైగా కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి మిగిలిన నీటిలో వాటి గాఢత పెరుగుతుంది. రంగు, వాసన, రుచి ఏవీ వాటి జాడ చెప్పకపోవచ్చు.

ఇక్కడ ఈ మాట గట్టిగా చెప్పడానికి చరిత్ర ఉంది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, దాని వెంట ఉన్న ఊళ్ల పొలాలనూ బావులనూ పాడుచేయడంతో 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వచ్చింది. అయినా ఆ కేంద్రంలో శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో వెల్లడించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు–బొల్లారాన్ని చేర్చింది. దీన్నిబట్టి మీ బోరు చెడ్డదని తీర్మానించడం తప్పు, మంచిదని నమ్మేయడమూ తప్పే. పక్కపక్క ఇళ్ల బోర్లలోనే నీరు వేరుగా ఉండవచ్చు.

అందుకే పరీక్ష చేయించండి, ఎండాకాలం చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు కరిగిన ఘనపదార్థాలు, అంటే టీడీఎస్, 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. నైట్రేటు 45, ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. చేతిలో పట్టే టీడీఎస్ మీటరు మొత్తం ఎంత కరిగిందో చెబుతుంది కానీ ఏం కరిగిందో చెప్పదు. దానికి ల్యాబు పరీక్షే కావాలి.

ఇంకొకటి చూడండి: నల్లా నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో పడుతున్నాయా? పడుతుంటే మీరు పన్ను కట్టి తెచ్చుకుంటున్న మంచినీళ్లు సంపులోకి రాగానే బోరు నీళ్లయిపోతాయి. తాగేందుకూ వండేందుకూ నల్లా నీటిని వేరు చేయండి. సంపుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య ఎంత దూరముందో, సంపు గోడకు బీటలున్నాయో లేవో చూడండి.

అపోహ 3: గోడకు బీట వచ్చిందంటే ఇల్లు కూలడానికి సిద్ధంగా ఉన్నట్టే. సిమెంటు పూసేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఈ రెండు మాటలూ ఒకరి నోటి నుంచే వింటాం, రెండూ సరికావు. బీట దేనివల్ల వచ్చిందో తెలియాలి. ఇక్కడ దానికి జవాబు తరచూ కాళ్ల కింద దొరుకుతుంది. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉన్న తన పొలాల్లో నల్లరేగడి, ఎర్రనేల రెంటి మీదా పరిశోధనలు చేస్తోంది. ఈ ప్రాంతంలో ఆ రెండు నేలలూ పక్కపక్కనే దొరుకుతాయి. ఒక వీధిలో ఎర్రమట్టి, దాని వెనక వీధిలో నల్లరేగడి ఉండవచ్చు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద లోతు లేని పునాది వేస్తే గోడ ఏటా కొంచెం లేస్తుంది, కొంచెం దిగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే బీటలు తరచూ దీనివల్లే వస్తాయి.

బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. బీటకు అడ్డంగా సన్నని గాజుముక్క అతికించండి. గాజు పగిలినా, బీట గీత దాటినా గోడ ఇంకా కదులుతున్నట్టు. వెంట్రుకంత సన్నగా ఉండి ఏడాదంతా కదలని బీట సాధారణంగా పూతకు సంబంధించింది. వేలు దూరేంత ఉన్నా, గోడకు రెండువైపులా కనిపించినా, ఇటుకల మెట్లలా సాగినా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి. ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. డాబా మీది వాన నీరు గోడ మొదట్లో పడి ఇంకకుండా దూరంగా పంపండి. కారే డ్రైనేజీ పైపు బాగు చేయించండి.

గోడ బీట కన్నా భయపడాల్సింది స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడటం. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. తుప్పు గీకించి, చువ్వ ఎంత అరిగిందో ఇంజినీరుకు చూపించకుండా మీద ప్లాస్టరింగ్ చేయిస్తే రోగాన్ని కప్పిపెట్టడమే అవుతుంది.

అపోహ 4: వాస్తు కోసం ఒక గోడ తీసేసినా, తలుపు మార్చినా ఇంటికేం కాదు.

వాస్తవం: ఇప్పటి అపార్టుమెంట్లలో బరువును పిల్లర్లు మోస్తాయి. 1970, 80ల నాటి చాలా ఇళ్లలో పిల్లర్లే ఉండవు. తొమ్మిదంగుళాల గోడలే స్లాబును మోస్తాయి. నాలుగున్నర అంగుళాల గోడ మామూలుగా అడ్డుగోడ మాత్రమే. అయినా మందాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. పైన ఏం ఆనుకుని ఉందో చూడాలి. మోసే గోడలో ద్వారం తెరవాలంటే ముందు పైబరువుకు ఊతం ఇచ్చి, లింటెల్ వేసి, ఆ తర్వాత తీయాలి. ఈశాన్యంలో ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకును నైరుతికి మార్చినా ఇదే లెక్క. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే టన్ను. దాని కింద గోడ లేకపోతే ఆ టన్ను స్లాబు నడుం మీద పడుతుంది.

వాస్తు మీద నమ్మకం ఉంచుకోవడం మీ ఇష్టం, మీ ఇంటి పెద్దల ఇష్టం. సిద్ధాంతి దిక్కు చెప్పాక, సుత్తె పడే ముందు ఇంజినీరును అడగడం మాత్రం ఇంట్లో పడుకునే పిల్లల కోసం చేయాల్సిన పని.

అపోహ 5: చెమ్మకు మందు వాటర్‌ప్రూఫ్ పెయింటు.

వాస్తవం: చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పెయింటు వేస్తే మరుసటి వానాకాలానికే పొక్కులు లేస్తాయి. నేల నుంచి మూడడుగుల దాకా మచ్చ, దాని మీద తెల్లని ఉప్పు పొడి ఉంటే పునాది తడిని పీలుస్తోంది. పై నుంచి కిందికి మచ్చ దిగుతుంటే డాబా కారుతోంది. బాత్‌రూము వెనక గోడకే పరిమితమైతే పైపును అనుమానించాలి. తేల్చుకోలేకపోతే అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీటి బొట్లు పడితే తడి గోడలో ఉంది, గదివైపు పడితే గదిలో గాలి ఆడటం లేదు.

సంగారెడ్డి పాత ఊళ్లో రాతి గోడలు, డంగు సున్నం పూత ఉన్న ఇల్లు కొన్నవారు ఇంకొంచెం ఆగాలి. సున్నం తడిని పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే తడి లోపలే చిక్కుకుని ఇంకా పైకి ఎగబాకుతుంది. సున్నపు గోడకు సున్నమే నప్పుతుంది.

అపోహ 6: ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే తీగ సన్నగా ఉంది. లావుది వేయాలి.

వాస్తవం: ఫ్యూజు పోవడమే దాని పని. గోడలోని తీగ మోయలేనంత కరెంటు వస్తున్నప్పుడు ముందుగా తాను తెగి ఇంటిని కాపాడుతుంది. దానికి లావు తీగ చుడితే ఈసారి కాలేది గోడలోని వైరింగు. నాలుగు బల్బులు, మూడు ఫ్యాన్ల కోసం వేసిన వైరింగు అది. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 7–8 ఆంపియర్లు, 2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. వీటికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో మెయిన్ బోర్డు నుంచి విడి లైను వేయించాలి. పాత అల్యూమినియం తీగలు అతుకుల దగ్గర వదులై వేడెక్కుతాయి. వాటిని మొత్తం మార్చేయడమే మేలు.

‘ఎంసీబీ పెట్టించాం, ఇక షాక్ భయం లేదు’ అనేది కూడా పొరపాటే. ఎంసీబీ తీగను కాపాడుతుంది. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. దానితో పాటు సరైన ఎర్తింగ్ ఉండాలి. పెరట్లో ఎర్తింగ్ గుంట ఎక్కడుందో వెతికించి, పరీక్ష చేయించి, ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తుండండి.

అపోహ 7: వంటింటి మీది సిమెంటు రేకులు ఇన్నేళ్లూ ఏం చేయలేదు. పగలగొట్టి పడేద్దాం.

వాస్తవం: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేకు గట్టిగా, కదలకుండా ఉన్నంతకాలం పీచు దానిలోనే ఉంటుంది. కోసినా, రంధ్రం వేసినా, సుత్తెతో కొట్టినా, ఇనుప బ్రష్షుతో రుద్దినా గాలిలో కలుస్తుంది. దానివల్ల వచ్చే జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. అందుకే ఎవరూ దీన్నీ దాన్నీ ముడిపెట్టి చూడరు.

తీయాల్సి వస్తే రేకులను బాగా తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా నిలువుగా దింపించండి. పొడి చీపురుతో ఊడ్వనివ్వకండి. పనివారికి మంచి మాస్కులు ఇవ్వండి. పిల్లల్ని ఆ రోజు బంధువుల ఇంటికి పంపండి. మన ఇల్లు బాగుపడాలని కూలికి వచ్చిన మనిషి ఊపిరితిత్తులు పాడు కాకూడదు.

ఏది ముందు, ఏది వెనక?

కాగితాలు, నీటి పరీక్ష కొనకముందే. కరెంటు పని, సంపు శుభ్రం గృహప్రవేశానికి ముందే. డాబా కారడం, డ్రైనేజీ తొలి వానకు ముందే. రంగులు, టైల్సు, అల్మారాలు మాత్రం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఆ ఇంట్లో గడిపాకే.

వీటన్నిటి కన్నా ముందు ఖర్చు లేని పని ఒకటి ఉంది. ఇల్లు అమ్ముతున్న పెద్దాయనను, ఆయన భార్యను ఒక పూట భోజనానికి పిలవండి. డ్రైనేజీ పైపు ఏ బండ కింద వెళ్తుందో, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో, ఏ గది ఎప్పుడు కలిపారో, ఏ మూల ఏ ఏడు కారిందో అడిగి ఒక కాగితం మీద గీసుకోండి. ఇప్పుడు మీకు కనిపించనివన్నీ ఒకప్పుడు వారి కళ్లముందే నేలలోకి, గోడల్లోకి వెళ్లాయి. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజుతో పాటు బీరువాలో దాచండి.