పాత బాయిలర్ టైమర్: పనిచేసే తీరు, అమర్చే విధానం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• యాంత్రిక టైమర్ పనిచేసే తీరును వివరించగలుగుతారు.
• రోజువారీ అవసరాన్ని బట్టి టైమర్‌ను అమర్చగలుగుతారు.
• టైమర్‌కు, థర్మోస్టాట్‌కు గల తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

బ్రిటన్‌లో చాలా ఇళ్లలో గ్యాస్ బాయిలర్ నీటిని వేడిచేస్తుంది. పంపు ఆ నీటిని గదుల్లోని రేడియేటర్లకు పంపుతుంది. బాయిలర్ ఏ వేళల్లో పనిచేయాలో టైమర్ నిర్ణయిస్తుంది. అమరిక తప్పితే మనుషులు చలికి వణుకుతున్నప్పుడు బాయిలర్ ఆగి ఉంటుంది, ఎవరూ లేని ఇంట్లో గ్యాస్ ఖర్చవుతుంది. చదువుకోసం అక్కడికి వెళ్లి పాత అద్దె ఇంట్లో ఉండే మన విద్యార్థులకు కూడా ఈ పరికరం ఎదురుకావచ్చు.

2. నిర్మాణం

పాత టైమర్‌లో 24 గంటల గుర్తులున్న గుండ్రని పలక ఉంటుంది. చిన్న సింక్రనస్ మోటారు దాన్ని రోజుకు ఒకసారి తిప్పుతుంది. ఈ మోటారు వేగం విద్యుత్తు పౌనఃపున్యంపై (అక్కడ కూడా 50 హెర్ట్జ్) ఆధారపడుతుంది. పలక అంచున చిన్న మీటలుంటాయి. 96 మీటలున్న పలకలో ఒక్కొక్కటి 15 నిమిషాలకు గుర్తు. నొక్కి ఉంచిన మీట స్విచ్ దగ్గరకు రాగానే బాయిలర్‌కు విద్యుత్ సంకేతం అందుతుంది. కొన్ని నమూనాలలో మీటను లోపలికి, కొన్నిటిలో బయటికి జరపాలి. పలకమీది గుర్తులను చూసి నిర్ధారించుకోండి.

3. అమర్చే విధానం

(అ) పలకను బాణం గుర్తు చూపే దిశలోనే తిప్పి, ప్రస్తుత సమయాన్ని సూచిక ఎదుటకు తీసుకురండి. వెనక్కు తిప్పితే లోపలి పళ్లచక్రాలు దెబ్బతినవచ్చు.
(ఆ) వేడి కావలసిన వేళల మీటలను జరపండి. ఉదాహరణకు ఉదయం 6.00 నుంచి 7.30 వరకు 6 మీటలు, సాయంత్రం 5.00 నుంచి 10.00 వరకు 20 మీటలు కావాలి. మొత్తం 26 మీటలు, అంటే ఆరున్నర గంటలు.
(ఇ) పక్కనున్న స్విచ్‌ను 'టైమర్' స్థానంలో ఉంచండి. 'ఎల్లప్పుడూ' స్థానంలో ఉంటే మీటల అమరికకు విలువ ఉండదు.

ఇల్లు వేడెక్కడానికి కొంత వ్యవధి పడుతుంది. కాబట్టి నిద్రలేచే వేళకు అరగంట ముందు నుంచి మొదలుపెట్టి చూడండి. మీ ఇంటి తీరును బట్టి సవరించుకోండి.

4. సమయం తప్పే సందర్భాలు

విద్యుత్తు ఆగితే పలకా ఆగుతుంది. సరఫరా 40 నిమిషాలు నిలిచిపోతే 6.00కు రావలసిన వేడి 6.40కి వస్తుంది. అంతేకాక, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం ఒక గంట వెనక్కు మారుస్తారు. పాత పలక దానంతటది మారదు. అక్టోబరులో పలకను వెనక్కు తిప్పకుండా, ముందుకే 23 గంటలు తిప్పాలి.

5. థర్మోస్టాట్‌తో సంబంధం

టైమర్ 'ఎప్పుడు' అనేదాన్ని, థర్మోస్టాట్ 'ఎంత వేడి' అనేదాన్ని నిర్ణయిస్తాయి. ఇవి శ్రేణి సంధానంలోని రెండు స్విచ్‌ల వంటివి. రెండూ అనుమతిస్తేనే బాయిలర్ వెలుగుతుంది. అందువల్ల బాయిలర్ వెలగకపోతే టైమర్ చెడిందని వెంటనే అనుకోకండి. ముందు థర్మోస్టాట్‌ను పెంచి చూడండి. అయితే దాన్ని 30 డిగ్రీలకు పెంచినంత మాత్రాన గది త్వరగా వేడెక్కదు. అవసరానికి మించి వేడెక్కుతుంది.

6. జాగ్రత్త

మీటలు జరపడం మీ పని. బాయిలర్ మూత విప్పడం మీ పని కాదు. లోపం వల్ల వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, అది ప్రాణాంతకం. బ్రిటన్‌లో గ్యాస్ పనులను గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజనీర్లే చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 48 మీటలున్న పలకలో ఒక్కో మీట ఎన్ని నిమిషాలకు గుర్తు?
2. రాత్రి 11.00కు ఆగిన విద్యుత్తు 1.15కు వచ్చింది. 6.00కు మొదలుకావలసిన వేడి ఎప్పుడు మొదలవుతుంది?

జవాబులు: 1. 30 నిమిషాలు. 2. ఉదయం 8.15కు.