వణకు చేతికొక పిస్తోలు

పిస్తోలు అరచేత ఇముడు చిన్న యంత్రమే యైనను, తన్ను వాడువాని దేహమును గూర్చి అది ముందుగనే కొన్ని నిశ్చయములు చేసికొని యుండును. చూపుడువ్రేలికి పట్టు కలదనియు, మణికట్టు వంగక నిలుచుననియు, ఒక చేయి పిడిని బిగించి యుండగా రెండవ చేయి పైనున్న స్లైడును బలముగా వెనుకకు లాగగలదనియు నమ్మియే దానిని రూపొందించిరి. సాధారణమైన రివాల్వరును ముందుగా గుఱ్ఱమును, అనగా తూటాను కొట్టు సుత్తిని, ఎక్కించక నేరుగా పేల్పవలెనన్నచో ట్రిగ్గరుపై దాదాపు ఐదు కిలోల బలము పడవలెను. కీళ్లవాతమున కణుపులు వాచిన వ్రేళ్లకును, పక్షవాతమున ఒక ప్రక్క చచ్చుపడిన దేహమునకును, యుద్ధమున ఒక చేయి కోల్పోయినవానికిని ఆ ఐదు కిలోలు ఐదు మణుగులే. ఆత్మరక్షణకై ఇంట తుపాకి ఉంచుకొనుట రాజ్యాంగదత్తమైన హక్కుగా ఎంచబడు అమెరికాలో ఈ లోపమును పూరింపబూనినవారు పుట్టుట వింత కాదు. వారు త్రొక్కిన త్రోవలే వింతలు.

2008వ సంవత్సరము చివర న్యూజెర్సీ రాష్ట్రమందలి కాన్‌స్టిట్యూషన్ ఆర్మ్స్ అను చిన్న సంస్థ ‘పామ్ పిస్టల్’ అను ఆయుధమును ప్రకటించెను. అందు పట్టునది 9 మిల్లీమీటర్ల తూటా ఒక్కటే. దానిని పిడికిట పట్టినచో గొట్టము వ్రేళ్ల సందునుండి ముందుకు పొడుచుకొని వచ్చును. చూపుడువ్రేలితో పని లేదు, బొటనవ్రేలితో పైనున్న మీటను నొక్కినచో చాలును. కుడిచేయి, ఎడమచేయి అను భేదమును లేదు. ఇంతవరకు ఇది యంత్రశిల్పి చాతుర్యమే. కాని ఆ సంస్థ అంతటితో ఆగక, ఇది దుర్బలులకు నిత్యజీవనమున సాయపడు వైద్యోపకరణమని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ యెదుట వాదించి, ఊతకఱ్ఱలును కట్టుగుడ్డలును చేరిన ప్రథమశ్రేణిలో దానికిని స్థానము లభించినదని లోకమునకు చాటెను. వైద్యుడు చీటి వ్రాసినచో, సుమారు 300 డాలర్ల వెలను వృద్ధుల ఆరోగ్యబీమాయైన మెడికేర్ చెల్లింపవచ్చునని వారి యాశ. వార్త పత్రికల కెక్కి నవ్వులాటయు, కోలాహలమును చెలరేగగా, నియంత్రణ సంస్థ ఆ పిస్తోలు వైద్యోపకరణము కాదని తేల్చి చెప్పెను.

అచటి చట్టప్రకారము, రోగమును నివారించునది గాని, దేహనిర్మాణమును మార్ప నుద్దేశింపబడినది గాని వైద్యోపకరణము కావచ్చును. తూటా దేహనిర్మాణమును మార్చుననుటలో ఎవ్వరికిని సందేహ మక్కఱలేదు. మార్పబడు దేహము రోగిది కాదనుటయే చిక్కు. వినికిడి యంత్రములకును, కట్టుడు పండ్లకును సాధారణముగా పైకము చెల్లింపని ఆ మెడికేర్, చెవిటి తాతకు పిస్తోలు కొనిపెట్టవలెనని కోరినవారి ధైర్యమును మెచ్చుకొనక తప్పదు.

పిడికిట ఇముడు పిస్తోలు వారికి తొలిసారి తోచిన ఊహయును గాదు. ఫ్రాన్సు దేశీయుడైన జాక్ తుర్బియో 1882లో ‘ప్రొటెక్టర్’ అను చక్రాకారపు ఆయుధమునకు హక్కుపత్రము పొందెను. లోపల తూటాలు చక్రపు ఆకులవలె చుట్టును అమరియుండును. వెనుకనున్న మీటను అరచేతి మడమతో అదిమినచో ఒక్కొక్కటియే పేలును. వ్రేలి బలమునకు బదులు పిడికిలి బలమును వాడుకొనుట ఇందలి కిటుకు. తుర్బియో దానిని వృద్ధులకై చేయలేదు, కోటు జేబులో దాచుకొని తిరుగు నగరవాసులకై చేసెను. ఆ యంత్రమే అమెరికాకు దాటి, 1893లో చికాగోనగరమున జరిగిన మహాప్రదర్శనమునాటికి అమ్మకమునకు సిద్ధము కావలసి యుండగా, తయారీదారులు సకాలమున సరకు అందింపలేక పోవుటచే వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను.

ఏకహస్తులకు పనికివచ్చు ఆయుధము మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట జర్మనీలో వెలువడెను. ‘లిగ్నోజ్ ఐన్‌హాండ్’ అను 6.35 మిల్లీమీటర్ల చిన్న పిస్తోలులో, ట్రిగ్గరు ముందుండు కమ్మి కదలునట్లు అమర్చబడెను; చూపుడువ్రేలితో దానిని వెనుకకు లాగినచో స్లైడు కూడ వచ్చి తూటా గొట్టమున చేరును. ఇటలీలోని బెరెట్టావారు వేఱొక ఉపాయము పన్నిరి. వారి కొన్ని చిన్న పిస్తోళ్లలో మీట నొక్కగానే గొట్టపు వెనుక కొన పైకి లేచును. తూటాను చేతితో అందుంచి మూసినచో స్లైడు లాగు శ్రమయే ఉండదు.

అయితే యంత్రమునందలి బిగువు అంతయు లోపమే యని తలచుట పొరపాటు. ట్రిగ్గరు కఠినముగా నుండుట తానే యొక కాపలా. పసిబిడ్డ వ్రేలికి అది లొంగదు, పొరపాటున తగిలినంత మాత్రమున పేలదు. స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ 1887లో వెలువరించిన గుఱ్ఱము కానరాని రివాల్వరుకు పిడి వెనుక ఒక మీటను తగిల్చి, దానిని గట్టిగా పిండిననే గాని పేలకుండునట్లు చేసెను. పిల్లలనుండి రక్షణకే ఆ యేర్పాటని చెప్పుదురు. నూటముప్పదియేండ్ల తరువాత 2018లో అదే సంస్థ బలహీనమైన చేతుల నుద్దేశించి, స్లైడు తేలికగా కదలు ‘షీల్డ్ ఈజెడ్’ అను పిస్తోలును చేసినపుడు, పిడి వెనుక మఱల అట్టి మీటనే చేర్చెను. ఒక చోట సడలించిన బిగువును వేఱొక చోట బిగింపక తప్పలేదు.

బరువు విషయమునను ఇట్టి పేచీయే కలదు. కాన్పూరు ఆయుధ కర్మాగారము 2014లో మన దేశ స్త్రీలకై ‘నిర్భీక్’ అను అరకిలో రివాల్వరును వెలువరించినది. మోయుటకు సుఖమే, కాని ఆయుధము ఎంత తేలికయైన, అదే తూటాకు అంత గట్టిగా వెనుకకు తన్నును. ఎముకలు పెళుసుబాఱిన మణికట్టు ఆ తన్నునకు ఓర్వవలెను. ఇక ఒక్క తూటా మాత్రమే గల పామ్ పిస్టల్‌తో, చీకటిలో, అద్దములు వెదకుకొనుచు, వచ్చినవాడు దొంగయో మనుమడో పోల్చుకొనవలసిన ముదుసలికి వ్రేలి బలమొక్కటే కొఱవడినదని నేను నమ్మజాలను.

వచ్చినవాడు దొంగ కాకపోవుట ఒక్కటే భయము కాదు. అమెరికాలో తుపాకి మరణములందు సగమునకు మించినవి ఆత్మహత్యలు. ఆత్మహత్యల రేటు అందఱికంటె హెచ్చుగా నున్నది 75 ఏండ్లు దాటిన పురుషులలో. ఒంటరితనమును, వ్యాధిబాధయు కలిసిన ఇంట వణకు చేతికి సయితము సుసాధ్యమైన ఆయుధము ఎటు తిరుగునో శిల్పి చెప్పలేడు. అందుచే అచటి వైద్యులు కొందఱు, వృద్ధులు కారు నడుపుట మానవలసిన కాలమును గూర్చి మాటలాడునట్లే తుపాకిని విడువవలసిన కాలమును గూర్చియు మాటలాడుచు, మతిమఱపు ముదిరిన నాడు దానిని ఎవరికి అప్పగింపవలెనో తెలివి నిలిచియున్నపుడే తమ చేతితో వ్రాసి పెట్టుమని చెప్పుచున్నారు.