మూడు రోజుల యోగవిడిది

శ్రీవారి దర్శనానంతరం తిరుపతిలోని హోటలులోనో, మదనపల్లె సమీపాన హార్సిలీ హిల్స్ పైనున్న విడిదిలోనో రెండు మూడు రోజులు యోగాభ్యాసం చేసి వెళ్లాలనే కోరిక యాత్రికులలో కనబడుతున్నది. అటువంటి శిబిరాలు జరిపించదలచిన దాతలు కొందరు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: మూడు రోజులలో యోగం అలవడుతుందా?

అలవడదు. పతంజలి మహర్షి ఆసనాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పినవి మూడే సూత్రాలు. అభ్యాసం మాత్రం చిరకాలం, ఎడతెగకుండా, ఆదరంతో సాగితేనే స్థిరపడుతుందని ఆయన నిర్దేశం. అట్లని శిబిరం వ్యర్థమని అనను. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలోని బియ్యంలో పిల్లవాని వేలు పట్టి దిద్దిస్తాము. ఆ పూటతో చదువు వచ్చినదని ఎవరూ అనుకోరు. ఆ శుభకార్యం అక్కరలేదనీ ఎవరూ అనరు. శిబిరాన్ని ఆ దృష్టితోనే నడపవలసి ఉన్నది.

స్థలం విషయంలో హార్సిలీ హిల్స్ ఉత్తమం. ఏనుగు మల్లమ్మ కొండగా ప్రసిద్ధమైన ఆ చోటు సుమారు 4,100 అడుగుల ఎత్తున ఉన్నది. ఎండకు ఓర్వలేక కడప కలెక్టరు హార్సిలీ దొర అక్కడ వేసవి విడిది కట్టుకొన్నాడు. పేరు కూడా ఆయనదే నిలిచిపోయినది. తిరుపతిలోనైతే సూర్యోదయానికి ముందే మేడ మీద అభ్యాసం ముగించాలి. తలుపులు బిగించిన ఏ.సి. హాలులో ప్రాణాయామం చేయించడం నాకు సమ్మతం కాదు.

ఇక భోజనం. కడుపులో రెండు పాళ్లు అన్నానికి, ఒక పాలు ద్రవానికి విడిచి, నాలుగవ పాలు ఖాళీగా ఉంచాలని వాగ్భటుని మతం. ఒక హోటలులో నేను ఈ మాటే వివరించి బయటికి రాగా, ఎదుట ముప్పది రకాల ఫలహారాలు వరుసగా అమర్చి ఉన్నాయి! శ్రోతలను ఏమని నిందించను? నేనూ రెండవసారి పళ్లెం పట్టుకొన్నాను. కనుక దాతలు వంటవారితో ముందే మాట్లాడుకోవాలి. పెసరకట్టు, పొంగలి, మజ్జిగ చాలు.

అన్నిటికంటె ముఖ్యమైనది అతిథుల ఆరోగ్యస్థితి. రక్తపోటు, హృద్రోగం, గ్లకోమా ఉన్నవారిని, గర్భవతులను, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారిని మొదటి సాయంత్రమే విచారించి తెలుసుకోవాలి. వారిచేత ఊపిరి బిగబట్టించడం, శీర్షాసనం వేయించడం కూడదు. వైద్యుని సలహా తీసుకొన్నాకే తక్కిన అభ్యాసం. అలిపిరి మెట్లదారి ఎక్కివచ్చినవారి మోకాళ్లను మరునాడు పద్మాసనంతో పీడించకండి. కుర్చీలో కూర్చుండబెట్టినా దోషం లేదు. రాత్రంతా క్యూలో నిలిచినవానికి ఆ ఉదయం కావలసినది నిద్ర.

వెళ్లేనాడు ప్రతివారికీ ఇంటిలో ఇరువది నిమిషాలలో ముగిసే అభ్యాసక్రమం ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వండి. నెల తరువాత గురువు ఫోను చేసి, సాగుతున్నదా అని అడగాలి. ఆ గురువుకు ఇచ్చే సంభావన శిబిరపు ఖర్చులోనే చేర్చండి. అందుకు సొమ్ము చాలకపోతే నాబోటి ఉపన్యాసకులకు కప్పే శాలువలు మానుకోవచ్చును.